వంగితే పారిపోయే కుక్క

భారతం ఒక కుక్కపిల్ల ఏడుపుతో మొదలవుతుందని చాలామందికి గుర్తుండదు. నన్నయ ఆదిపర్వంలో కథలోకి అడుగుపెట్టగానే వచ్చే తొలి సంఘటనల్లో ఇదొకటి. జనమేజయుడు యాగం చేస్తుంటాడు. దేవశుని సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అటుగా వస్తాడు. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని చావగొడతారు. అది ఏడ్చుకుంటూ తల్లి దగ్గరికి పోతుంది. సరమ ఊరుకోదు, నేరుగా యాగశాలకే వచ్చి నా బిడ్డ ఏ తప్పు చేశాడని కొట్టారని నిలదీస్తుంది. ముందూ వెనకా చూడకుండా బలం లేనివాళ్ళని బాధపెడితే, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని భయం మీకూ వస్తుంది అని చెప్పి పోతుంది. ఆ మాటకి జడిసి జనమేజయుడు దోషం పోగొట్టే పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు.

నాకు ఇందులో నచ్చేది శాపం కాదు, శాపంలో ఉన్న న్యాయం. కొట్టినవాడికి భయం పట్టుకోవడం. లోకంలో మామూలుగా జరిగేది దీనికి తిరకాసు కదా. కొట్టినవాడు సాయంత్రానికి మర్చిపోతాడు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని భయం మాత్రం దెబ్బ తిన్నదానికి మిగుల్తుంది. మా ఇంట్లో అలాంటి భయం ఒకటి నాలుగు కాళ్ళ మీద తిరుగుతోంది. ఆ భయం ఎక్కడిదో వెతుకుతూ పోతే నాకు దొరికిన చరిత్ర ఇది.

ముందు దాని సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మాది సూర్యాపేట. 2024 వానాకాలంలో కోదాడ దగ్గర హైవే మీద ఒక దాబా వెనకాల, పాత టైర్ల మధ్య దొరికిందట. మిర్యాలగూడలో మా బావ పనిచేసే రైసుమిల్లుకి వచ్చే లారీ డ్రైవర్ ఒకాయన దాన్ని క్యాబిన్లో వేసుకొచ్చి మిల్లులో దింపాడు. అది రెండు వారాలు బస్తాల వెనకనించి బయటికి రాలేదు. అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, ఇది మనిషి మొఖం జూస్తలేదు. ఈడనే ఉంటె ఏదో లారీ కింద వడి సస్తది. నువ్వు ఇంటికాడ్నే కూసోని పనిజేస్తున్నవు గద, కొంటవోరాదు?" అంది. తెచ్చాను. పళ్ళు చూసి ఆరు నెలలు ఉండొచ్చని డాక్టర్ అన్నాడు. పేరు ఇంకా పెట్టకముందే అమ్మ దాన్ని 'కోదాడపిల్ల' అనడం మొదలుపెట్టింది, కొత్తకోడల్ని ఊరిపేరుతో పిలిచినట్టు. అదే స్థిరపడింది.

కోదాడపిల్ల కరవదు, అరవదు. మంచం కింద గోడకి అంటుకుని ఉంటుంది. గిన్నె పెట్టి మనం గది దాటి పోతేగానీ తినదు. అన్నిటికన్నా విచిత్రం ఏంటంటే, ఎవరైనా వంగితే చాలు వణుకుతుంది. చెప్పు పట్టీ సర్దుకోడానికి వంగినా, కింద పడ్డ పెన్ను తీసుకోడానికి వంగినా అంతే. పొద్దున్నే అమ్మ ముగ్గు వెయ్యడానికి వంగితే లోపలెక్కడో ఉన్న కుక్క వంటింట్లోకి దూరేది. మీరూ ఎప్పుడైనా చూసే ఉంటారు. రాత్రిపూట వీధిలో కుక్కలు వెంటపడితే చేతిలో ఏమీ లేకపోయినా ఊరికే వంగితే చాలు, అవి నాలుగడుగులు వెనక్కి వేస్తాయి. వంగిన మనిషి రాయితోనే లేస్తాడని మన దేశంలో ప్రతి కుక్కకీ తెలుసు. కుక్క కనిపిస్తే రాయి కనిపించదు, రాయి కనిపిస్తే కుక్క కనిపించదు అని సామెత చెప్పుకుంటాం. వేదాంతులు దానికి పెద్ద అర్థం చెప్తారు. కుక్క వైపునుంచి చూస్తే అది ఉట్టి వార్తావిశేషం :)

ఇంతకీ ఈ కుక్కలు మనకి ఎప్పుడు పరాయివి అయ్యాయి?

మన భాషలో 'ఊరకుక్క' అంటే ఊరికి చెందిన కుక్క. ఊరపిచ్చుక, ఊరపంది లాగా. ఇంగ్లీషువాడి 'స్ట్రే' అన్న మాటకి దారితప్పింది, తప్పిపోయింది అని అర్థం. ఈ రెండు మాటల మధ్య చాలా దూరం ఉంది. ఊరకుక్క ఎక్కడినుంచీ తప్పిపోలేదు, అది ఉన్నచోటే ఉంది. దానికి యజమాని లేడు గానీ వాడ ఉంది. రాత్రి కొత్తమనిషి వస్తే అరవడం దాని పని, మిగిలిన సంకటో అన్నమో దాని కూలి. తెలంగాణలో 'సాదుడు' అనే మంచి మాట ఉంది. పిల్లల్ని సాదుతారు, గొర్లని సాదుతారు, కుక్కనీ సాదుతారు. 'దత్తత' అనేది వారసత్వం, ఆస్తి, కాగితం ఉన్న మాట. కుక్క విషయంలో మన ఊళ్ళకి దాని అవసరం ఎప్పుడూ పడలేదు.

పని ఉన్న కుక్కకి గౌరవం కూడా ఉండేది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్ళకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో కూడా జరిగింది, హైవే మీద బండ్లన్నీ దారి మళ్ళించాల్సి వచ్చేంత జనం. అది ప్రధానంగా యాదవుల జాతర, అంటే మందలు కాసేవాళ్ళ జాతర. మంద ఉన్నచోట కుక్క ఉండి తీరాలి. గొల్లకురుమలు కొలిచే మల్లన్ననే కన్నడంవాళ్ళు మైలారలింగ అంటారు, మరాఠీవాళ్ళు ఖండోబా అంటారు. ఆయన గుర్రం పక్కన కుక్క ఉంటుంది. మహారాష్ట్రలో జెజురి వైపు 'వాఘ్యా'లనే భక్తులు మేము దేవుడి కుక్కలం అని గర్వంగా చెప్పుకుంటారు.

ఇంకా పాత సాక్ష్యం కావాలంటే కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరు వీరగల్లు చూడాలి. పదో శతాబ్దం మధ్యలోది. తక్కోలం యుద్ధంలో చోళుల మీద గెలిచాక గంగరాజు బూతుగుడు తన వీరుడు మణలేరుణ్ణి ఏం కావాలో కోరుకోమన్నాడు. ఊళ్ళు అడగొచ్చు, బంగారం అడగొచ్చు. మణలేరుడు 'కాళి' అనే వేటకుక్కని అడిగాడు. ఆ కాళి ఒక అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తనూ చచ్చిపోయింది. దానికోసం రాయి చెక్కించి, పూజకి భూమి కూడా ఇచ్చారు. చోళయుద్ధం వివరాలు చరిత్రకారులకి దొరికిన ముఖ్యమైన శాసనాల్లో ఇదొకటి. అంటే ఒక కుక్క పుణ్యమా అని మనకి చరిత్ర తెలిసిందన్నమాట.

అలాగని అదేదో స్వర్ణయుగమని నేను అనను. భారతం చివర్లో ధర్మరాజు, నమ్మి వెంటవచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానంటాడు, నిజమే. కానీ అదే సంప్రదాయంలో మనుస్మృతి చండాలురకి ఆస్తి కుక్కలూ గాడిదలూ మాత్రమే అని రాసిపెట్టింది. అంటే ఊరి చివర ఎవర్ని ఉంచాలో వాళ్ళ పక్కనే కుక్కనీ ఉంచింది. సుమతీ శతకం కుక్క బుద్ధి మారదని చిన్నప్పుడే మనచేత బట్టీ పట్టించింది. తిట్టుకి 'కుక్క' అన్న మాట ఎంత సులువుగా నోట్లోకి వస్తుందో అందరికీ తెలుసు. ఎవరి ముట్టుకోకూడనితనం ఎవరికి అంటింది అనేది నా మట్టుకు పెద్ద ప్రశ్నే. అయితే ఇవన్నీ ఉన్నా ఒక విషయం మాత్రం లేదు. కుక్కల్ని జాబితా వేసి, జీతానికి మనుషుల్ని పెట్టి చంపడం అనే వ్యవహారం లేదు. అది మనకి ఆఫీసుల ద్వారా వచ్చింది.

బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ తలకింత అని ఇచ్చి వేసవిలో కుక్కల్ని చంపించేది. 1832 జూన్‌లో పార్సీలు దాని మీద తిరగబడ్డారు, బజార్లు మూసేశారు. వాళ్ళ మతంలో కుక్క పవిత్రమైనది. చరిత్ర పుస్తకాల్లో 'బొంబాయి కుక్కల అల్లర్లు' అని ఉంటుంది. తర్వాత మద్రాసు కార్పొరేషనూ, దాన్ని చూసి మిగిలిన మునిసిపాలిటీలూ ఇదే దారి పట్టాయి. 'కుక్కల బండి' అనే మాట అక్కడినించే మన ఊళ్ళలోకి వచ్చిందని నా అనుమానం.

ఇక్కడ ఆఫీసుల్ని మాత్రమే తిట్టి వదిలేస్తే అన్యాయం అవుతుంది. పిచ్చికుక్క భయం నిజమైన భయం. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. 1885లో పాశ్చర్ మొదటి టీకా వేశాడు. మన దేశంలో కసౌలీలో 1900లో, దక్షిణాదికి కూనూరులో 1907లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్లు పెట్టారు. కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ అనే డాక్టర్ 1911లో గొర్రె మెదడు కణజాలంతో చేసే టీకా తయారుచేశాడు. మన అమ్మానాన్నల తరం కథలుగా చెప్పే 'బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు' అవే. ఆ టీకా తయారీ మన దేశంలో 2004 చివర్లో గానీ ఆగలేదు. దాదాపు తొంభై ఏళ్ళు! ఇప్పుడు చేతికి నాలుగైదుసార్లు వేస్తే సరిపోతుంది. కానీ ఆ పద్నాలుగు సూదుల భయం ఇంకా పోలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు కుక్కని చూసి ముందు తల్చుకునేది కోరల్ని కాదు, సూదుల్ని. పిల్లవాడి చేతికి రాయి ఇచ్చి "కొట్టు, దగ్గరికి రానియ్యకు" అని నేర్పిన అమ్మల వెనక ఈ సూది ఉంది. అందుకే నేను రాయిని ఉట్టి క్రూరత్వం అనుకోలేను. భయం భయాన్ని పెంచింది, అంతే. ఇప్పటికీ భారత వైద్య పరిశోధన మండలి అంచనా ప్రకారం ఏడాదికి సుమారు 5,700 మంది రేబిస్‌తో చనిపోతున్నారు. చిన్న సంఖ్య కాదు.

సరే, చంపితే కుక్కలు తగ్గాయా? ఈ ప్రశ్నని లెక్కలతో అడిగినాయన ఒక ఇంజనీర్ (ఆ మాత్రం గర్వం మాకుండదా!). మద్రాసులో పైలట్ కెప్టెన్ సుందరం 1959లో మొదలుపెట్టిన బ్లూక్రాస్‌లో ఆయన కొడుకు చిన్ని కృష్ణ పనిచేసేవాడు. కార్పొరేషన్ ఏళ్ళ తరబడి చంపిన కుక్కల లెక్కలు తీసి చూస్తే ఆ సంఖ్య తగ్గడం లేదు, పెరుగుతోంది. 1996 నాటికి రోజుకి 135 దాకా చేరింది. క్యూలోకి వచ్చేదాన్ని తగ్గించకుండా బయటికి తోసేదాన్ని ఎంత పెంచినా క్యూ ఖాళీ కాదు. ఒక వాడలో కుక్కల్ని తీసేస్తే తిండీ జాగా ఖాళీ అవుతాయి, పక్క వాడవి వస్తాయి, అవీ పిల్లల్ని కంటాయి. అందుకని పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, ఎక్కడివి అక్కడే వదలాలి అని బ్లూక్రాస్ 1960ల నించీ చెప్తూ వచ్చింది. మద్రాసు కార్పొరేషన్ 1996లో ఒప్పుకుంది. ముప్ఫై ఏళ్ళ నస ఫలించింది.

ఈ మధ్యలో చట్టం వైపునుంచి ఇంకో కథ నడిచింది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా జంతుహింసకి వ్యతిరేకంగా సొంతంగా బిల్లు పెట్టింది. ప్రభుత్వమే తెస్తుందని నెహ్రూ మాటిస్తే వెనక్కి తీసుకుంది. అలా వచ్చిందే 1960 చట్టం. ఆ చట్టం కింద 2001 డిసెంబర్‌లో కుక్కల సంతాన నియంత్రణ నియమాలు వచ్చాయి, 2023లో వాటిని మార్చి రాశారు. కొత్త నియమాల్లో వీధికుక్కని 'కమ్యూనిటీ యానిమల్' అన్నారు. అంటే 'స్ట్రే' అనే మాటతో మొదలుపెట్టి తిరిగి తిరిగి మన ఊరకుక్క దగ్గరికే వచ్చారన్నమాట.

తెలుగునాట హైదరాబాద్ బ్లూక్రాస్‌ని అమల అక్కినేని 1992లో మొదలుపెట్టింది. విశాఖపట్నంలో వి.ఎస్.పి.సి.ఎ. 1996లో వచ్చింది. 'కుక్కపిల్లని అడాప్ట్ చేసుకోండి' అనే మాట మన చెవిన పడింది ఈ ముప్ఫై ఏళ్ళలోనే. అంతకుముందు కుక్కని తెచ్చుకోవడం అంటే తెలిసినవాళ్ళింట్లో పుట్టినదాన్ని తువ్వాలులో చుట్టుకు రావడం, లేదా డబ్బున్నవాళ్ళయితే జాతికుక్కని కొనడం. దెబ్బ తిన్నదాన్ని, భయపడేదాన్ని, కావలికి పనికిరానిదాన్ని తెలిసి తెలిసి ఇంట్లోకి తెచ్చుకోవడం కొత్త. మా అమ్మ మొదటి వారంలో అడిగిన ప్రశ్న అదే. "మనిషిని జూస్తేనే ఉరుకుతది, గిదేం కావలి గాస్తదిరా?"

మా మూడు ఊళ్ళ వైపు ఇన్ని కుక్కలెందుకు ఉన్నాయో చెప్పకుండా ముందుకి పోలేను. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి కమ్మేసింది. వరితో మిల్లులు, మిల్లులతో లారీలు, లారీలతో దాబాలు వచ్చాయి. హైదరాబాద్ విజయవాడ రోడ్డు, పాత తొమ్మిదో నంబరు, ఇప్పటి 65, నాలుగు వరసలు అయ్యింది 2012లో. సూర్యాపేట నించి కోదాడ దాకా ఆ రోడ్డు మీద పారేసిన అన్నానికీ బొక్కలకీ కొదవ లేదు. అంటే కుక్కకి తిండి ఉంది, ఆ తిండి చావుకి పది అడుగుల దూరంలో ఉంది. పొద్దున్నే ఆ రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

ఇంకో కారణం ఆకాశంలో ఉంది. 1990ల్లో మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పశువులకి నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫినాక్ మందు ఆ కళేబరాల ద్వారా వాటి కిడ్నీల్ని దెబ్బతీసింది. పశువులకి ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు గానీ అప్పటికే ఆలస్యమైంది. రాబందులు తినాల్సిన కళేబరాలు కుక్కల పాలయ్యాయి, వాటి సంఖ్య పెరిగింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు.

ఈ కోట్లలో ఒకటి మా మంచం కింద ఉంది కాబట్టి, భయం పోతుందా పోదా అన్నది నాకు పరీక్ష ప్రశ్న అయింది. చదివిన మొదటిదే గుండె జారేలా చేసింది. అమెరికాలో 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అని ముగ్గురు కుక్కపిల్లల్ని మనిషి జాడ లేకుండా కంచె వేసిన పొలంలో పెంచారు. కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడో వారంలో, అలా వేరువేరు వయసుల్లో ఒక్క వారంపాటు మనుషుల మధ్య ఉంచారు. పధ్నాలుగు వారాల దాకా మనిషిని ఎరగనివి ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా అడవి జంతువుల్లానే మిగిలాయి. మూడో వారం నించి పన్నెండో వారం దాకా ఒక తలుపు తెరిచి ఉంటుంది, తర్వాత మూసుకుపోతుంది అని దాని సారాంశం. కోదాడపిల్ల మాకు దొరికేసరికి దానికి ఇరవై వారాలు దాటాయి.

కానీ కొంచెం ఆలోచిస్తే ఆ ప్రయోగం మన కుక్కకి వర్తించదు. హైవే పక్క పుట్టిన కుక్కకి మనిషి తెలియకపోవడం అనేది ఉండదు. దానికి మనిషి బాగా తెలుసు, అదే దాని సమస్య. మన దేశపు కుక్కల మీద మనవాళ్ళే చేసిన పని చూడాలి. కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం చాలా ఏళ్ళుగా వీధికుక్కల్ని గమనిస్తోంది. 2016లో వాళ్ళు వేసిన లెక్క ఒకటి ఉంది. 364 పిల్లల్ని వెంబడిస్తే పెద్దయి పిల్లలు కనే వయసుదాకా బతికినవి 19 శాతమే. చావుల్లో 63 శాతానికి మనుషులే కారణం, అంటే బండ్లు, దెబ్బలు, విషం, ఎత్తుకుపోవడం. ఐదింట్లో నాలుగు పోయే చోట మనిషికి దూరంగా ఉండేదే మిగుల్తుంది. అది పిరికితనం కాదు, లెక్క. 2020లో అదే బృందం మరో పరీక్ష పెట్టింది. మనిషి వేలితో గిన్నె వైపు చూపిస్తే కుక్కకి అర్థమవుతుందా అని. దగ్గరికి వచ్చిన కుక్కల్లో ఐదింట నాలుగు సరిగ్గా చూపించిన వైపే వెళ్ళాయి, ఎవరూ నేర్పకుండానే. కానీ దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. బెరుకు. వెనక ఏ అనుభవం ఉందో.

నాకు పనికొచ్చింది మాత్రం 2017 నాటిది. తెలియని మనిషిని కుక్క నమ్మాలంటే ఏం చెయ్యాలి, తిండి పెట్టాలా, తల నిమరాలా? రెండూ పోల్చి చూశారు. ఒకసారికి తిండే గెలిచింది. మళ్ళీమళ్ళీ కలిస్తే మాత్రం తల నిమిరిన మనిషి దగ్గరికే కుక్కలు ఎక్కువగా వచ్చాయి. వీధిలో ఆకలితో తిరిగే కుక్కలండీ ఇవి! కుక్కకి విశ్వాసం అన్నం మెతుకులతో వస్తుందని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ లెక్కన మూడునెలలు కోడిమెడలు ఉడకబెట్టి పోసిన నాకు అది ఎప్పుడో దాసోహం అవ్వాలి :)

నిజానికి జరిగింది ఇలా. నేను గోడకి ఆనుకుని, దానికి పక్కకి తిరిగి, కళ్ళలోకి చూడకుండా నేలమీద కూర్చుని ల్యాప్‌టాప్ పని చేసుకునేవాణ్ణి. మీటింగులన్నీ నేలమీదే. పదిహేనో రోజో పదహారో రోజో మోకాలికి చల్లగా ముక్కు తగిలింది. తిరిగి చూడలేదు. నెల తర్వాత చెయ్యి చాపితే వాసన చూసేది. తల మీదుగా చెయ్యి తెస్తే మాత్రం ఒప్పుకునేది కాదు, గడ్డం కిందనుంచి రావాలి. పైనుంచి వచ్చే చెయ్యి అంటే దాని డిక్షనరీలో ఒకటే అర్థం. అమ్మ ఎవరూ చెప్పకుండానే ముగ్గు వేసే పద్ధతి మార్చేసింది. వంగకుండా ముందు గొంతుకూర్చుని, కాసేపు ఊరికే కూర్చుని, అప్పుడు ముగ్గు తీస్తోంది. నడుంనొప్పి అని చెప్తుంది. కుక్క గడపలో కూర్చుని చూస్తుంది. అది జరగడానికి ఐదు నెలలు పట్టింది. ఇప్పటికీ కొత్తవాళ్ళు వంగితే వణుకు వస్తుంది. అది పూర్తిగా పోతుందని నేను అనుకోవడం లేదు.

ఈ ఐదు నెలలు ఒక ఇంట్లో ఒక కుక్కకి. బయట రాష్ట్రంలో ఏం జరుగుతోందో చూడండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి కుక్కలు చంపేశాయి. ఆ సీసీ కెమెరా వీడియో చూసినవాళ్ళకి కుక్కల హక్కుల గురించి మాట్లాడే ధైర్యం ఉండదు, నాకూ లేదు. బతుకుతెరువు కోసం వలస వచ్చిన వాచ్‌మన్ కొడుకు. కుక్కల సమస్యకి మూల్యం ఎప్పుడూ ఇలాంటివాళ్ళే కడతారు, గేట్ ఉన్నవాళ్ళు కాదు. సరిగ్గా ఏడాదికి, 2024 ఫిబ్రవరిలో, మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట కారులో వచ్చి 20 కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. దొరికినవాళ్ళు చెప్పిన కారణం, తమ బంధువులింటి పెంపుడుకుక్కని ఊరకుక్కలు చంపాయని. అంటే ఒక కుక్క మీద ప్రేమతో 20 కుక్కల్ని చంపారు. మన కాలం గురించి ఇంతకంటే బాగా ఏ వ్యాసమూ చెప్పలేదనుకుంటా. ఒకటేమో ఇంట్లో బిడ్డ, మిగిలినవన్నీ చెత్త. మధ్యలో ఊరకుక్క అనే మూడో సంబంధం ఒకటుండేదని ఎవరికీ గుర్తులేదు. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో వందల కుక్కల్ని చంపించారని కేసులు పెట్టారు. ఎన్నికల్లో ఇచ్చిన మాట నిలబెట్టుకోడానికే చంపించారని వార్తలు. ఓట్లకోసం ఇచ్చిన హామీ ఇంత తొందరగా అమలవడం నేను వేరే విషయంలో చూడలేదు.

సుప్రీంకోర్టు కూడా 2025లో అటూఇటూ ఊగింది. ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. ఆగస్టు 22న, ఆపరేషన్, టీకా అయ్యాక ఎక్కడివక్కడ వదలమని మార్చింది. నవంబర్ 7న స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలో పట్టినవాటిని మాత్రం మళ్ళీ అక్కడ వదలొద్దని, షెల్టర్లలో ఉంచమని దేశమంతటికీ చెప్పింది. పిల్లలు తిరిగేచోట కుక్కల గుంపులు ఉండకూడదు, అందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ ఆ షెల్టర్లు ఎక్కడున్నాయి? 2001 నించీ నియమం ఉంది. ఆపరేషన్ గది, శిక్షణ ఉన్న డాక్టర్, పట్టేవాళ్ళు, ఆపరేషన్ తర్వాత కొన్నిరోజులు ఉంచే జాగా, ఇవన్నీ ఉంటేగానీ అది పనిచెయ్యదు. ఒక వాడలో నూటికి డెబ్భై కుక్కలకి ఒకేసారి చెయ్యకపోతే చేసిన ఖర్చంతా నీళ్ళపాలు. చేసిచూసి విఫలమైన పథకం వేరు, సరిగ్గా మొదలే పెట్టకుండా విఫలమైందని తేల్చేసిన పథకం వేరు. చిన్న పట్టణాలకి సంబంధించినంతవరకు ఇది రెండో రకం అని నా అభిప్రాయం. చెత్తకుండీ దగ్గర కోళ్ళ వ్యర్థాలు పడెయ్యడం ఆపకుండా ఏ రకమూ పనిచెయ్యదు, అది వేరే సంగతి.

ఆపరేషన్ అయిన వీధికుక్కకి గుర్తుగా చెవి కొస కొంచెం కత్తిరిస్తారు. పట్టేవాడు దూరంనించే చూసి దీన్ని వదిలెయ్యొచ్చు అని తెలుసుకోడానికి. కోదాడపిల్లకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినప్పుడు డాక్టర్ ఇంటికుక్కకి అదక్కర్లేదు అన్నాడు. ఎలాగూ మత్తులో ఉంది కాబట్టి చెయ్యమన్నాను. దీపావళి టపాకాయలకి బెదిరి ఏ రాత్రయినా గేటు దాటిందంటే, దీని మెడలో బెల్టు ఉంటుందో ఊడిపోతుందో చెప్పలేం. దాని రంగూ రూపూ చూస్తే బస్టాండులో తిరిగే వంద కుక్కల్లో ఒకటి. ఆ చెవి చూసి ఆగే మనిషి ఎదురుపడొచ్చు, పడకపోవచ్చు.

ఇంటికి తెచ్చాక అమ్మ ఆ చెవిని పట్టుకుని చాలాసేపు చూసింది. కుక్క చెవి పట్టుకోనిచ్చింది. "చెవులు గుట్టిచ్చినవా ఏందిరా," అంది, "పోగులేవి మరి?"